నిమ్మళపు గాలి

"చంపింది మా ఆయన కాదు. మీరు చంపిన్రు. మెత్తటి కుర్చీలల్ల కూసొని సంతాపం చెప్తున్న మీరు, మీ కాగితాల మీద కండ్లు మూసుకొని సంతకం పెట్టిన సర్కారోళ్లు, ఆ గాలిని తయారుచేసి మీ చేతుల పెట్టిన నేను. ఆయనొక్కణ్ని జైల్ల పెట్టి మనమందరం బయట తిరుగుతున్నం. సిగ్గుండాలె మనకు."

స్వరూప ఈ మాటలన్నప్పుడు హాల్లో ఒక్కరు కూడా ఉలిక్కిపడలేదు.

అది మేఘవాహిని విమాన కంపెనీ హైదరాబాదులోని ఓ పెద్ద హోటల్లో పెట్టిన సంతాప సభ. వచ్చినవాళ్లలో ఎక్కువమంది నిజామాబాదు, జగిత్యాల వైపు పల్లెల జనం. గల్ఫ్ కూలీల ఇళ్లవాళ్లు. మొగుళ్లు పోయిన ఆడవాళ్లు, కొడుకులు పోయిన తండ్రులు. విమానం కూలి నెల తిరగలేదు. అయినా ఎవరి కంటా తడి లేదు. పైనుంచి చల్లటి గాలి వస్తోంది. టీలు తాగుతున్నారు, బిస్కెట్లు ముంచుకు తింటున్నారు, కంపెనీ కాగితాల మీద చూపించిన చోటల్లా వేలిముద్రలు వేస్తున్నారు. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు కూడా ఇంతకంటే కంగారుగా ఉంటారు. స్వరూప ఒక్కతే తడి తువ్వాలు ముక్కుకూ నోటికీ కట్టుకుని నిలబడి ఉంది.

కంపెనీ పెద్ద వరదరాజు మైకు సర్దుకున్నాడు. "అమ్మా, మీ బాధ నాకు తెలుసు. కానీ విచారణలో తేలిపోయింది కదా. ఇంజన్ను పట్టి ఉంచే పిన్నులో పగులు మీ భర్త కంటపడింది. అయినా విమానం బాగుందని సంతకం పెట్టాడు. ఆయనే ఒప్పుకున్నాడు."

"అవును, చూసిండు. చూసి ఎందుకు సంతకం పెట్టిండో అడిగిన్రా? ఒక్కరన్న అడిగిన్రా?"

ముందు వరుసలో కూర్చున్న భూలక్ష్మి స్వరూప చెయ్యి పట్టి లాగింది. ఆమె స్వరూప తమ్ముడు సాయిలు భార్య. ఆ విమానంలో పోయింది సాయిలే.

"కూసో వదినె. గంత గరం ఎందుకు? ఏం గాదు తియ్యి."

మొగుడు బూడిదై నెల కాలేదు. ఏం కాదట.

ఆ మాట ఎక్కడ పుట్టిందో చెబితే తప్ప ఈ కథ అర్థం కాదు.

*

స్వరూపది ఆర్మూరు పక్క పల్లె. తల్లి బీడీలు చుట్టి చదివించింది. చదువుకుని హైదరాబాదు నాచారంలో ఒక ప్రయోగశాలలో చేరింది. వాసనలు మనిషి మనసును ఏం చేస్తాయో తేల్చడం ఆమె పని. మొగుడు లింబాద్రి మేఘవాహినిలో విమానాల మెకానిక్కు.

తమ్ముడు సాయిలు గల్ఫ్‌లో తాపీమేస్త్రీ. ఇరవై అంతస్తుల మీద పరంజా కట్టి తాడు లేకుండా నిలబడేవాడు గానీ, విమానమంటే ప్రాణం పోయేది. ప్రయాణం రెండు రోజులుందనగానే అన్నం మానేసేవాడు. సీటు చేతులు పట్టుకున్నవాడు దిగేదాకా వదిలేవాడు కాదు. పిల్లలు ఆటపట్టించేవాళ్లు: "సాయిలు మామా, విమానం నువ్వే మోస్తవా?"

"నేను పట్టుకుంటనే అది నిలవడ్తదిరా," అనేవాడు.

ఎక్కే విమానం కూడా పిరందే, ధర ఎక్కువదే. మేఘవాహిని టికెట్టు అగ్గువ. కానీ ఎప్పుడో ఒకసారి దాని విమానం వానలో జారి మట్టిలోకి దూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఊళ్లో హోటల్ ముందు కూర్చుని గల్ఫ్ పోయేవాళ్లు చెప్పుకునే లెక్కల్లో మేఘవాహిని అంటే ఇక చావుబండి. ఏ విమానంలో సీటు ఊగింది, ఏ పైలెట్ గొంతు వణికింది, ఏ కంపెనీ పిల్ల నవ్వకుండా నీళ్లిచ్చింది... ఆ జనం తూకం వేసేది వీటితోనే. ఇంజను సంగతి వాళ్లకేం తెలుసు? ఒక చేతిలో భయం, ఇంకో చేతిలో టికెట్టు ధర. రెంటినీ తూచి, అప్పుచేసైనా సరే పిరం టికెట్టే కొనేవాళ్లు. మేఘవాహిని ధర తగ్గించింది. మళ్లీ తగ్గించింది. సీట్లు ఖాళీగానే పోయాయి.

సాయిలుకు బిడ్డ పుట్టిన ఎండాకాలంలో స్వరూప ఊరికి పోయింది. దూలానికి పాత చీర ఉయ్యాల కట్టి ఉంది. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. భూలక్ష్మి వచ్చి ఉయ్యాల విప్పేసి, తాను పొద్దున విడిచిన చీర తెచ్చి కట్టింది. పిల్లను అందులో వేయగానే ఏడుపు ఆగింది.

"ఉతికిన చీర కడితే పండది వదినె. నేను కట్టి ఇడిసిందే గావాలె. మీ సదువుల ఇది లేదా?"

లేదు. స్వరూప ఆ చీర అంచు ముక్క కత్తిరించి సీసాలో పెట్టుకుని తీసుకుపోయింది.

మూడేళ్లు పట్టింది. పాలిచ్చే తల్లి ఒంటి మీద ఊరే ఒక పదార్థం. వాసన కూడా తెలియనంత పలచన. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి గాలిలో కలిపితే చాలు. పిల్లి పడుకున్న గుడ్డను ఎలుకల గూట్లో వేస్తే మామూలుగా అవి మూలకు నక్కి గడగడ వణుకుతాయి. ఈ గాలి పీల్చిన ఎలుక నింపాదిగా నడుచుకుంటూ పోయి ఆ గుడ్డ మీదే ముడుచుకుని పడుకుంది. స్వరూప దానికి నిమ్మళం అని పేరు పెట్టింది.

ఒకరోజు అలాంటి ఎలుకనే బల్ల మీద వదిలారు. అది అంచుదాకా వచ్చింది. మీసాలతో కిందనున్న ఖాళీని తడిమింది. ఏ ఎలుకైనా అక్కడ వెనక్కి తిరుగుతుంది. ఇది ముందుకు అడుగేసింది. కింద సిమెంటు నేల మీద పడి మూతి పగలగొట్టుకుంది.

"కళ్లు సరిగ్గా లేనట్టున్నాయి దీనికి," అన్నాడు ప్రయోగశాల పెద్ద డాక్టర్ చక్రపాణి. స్వరూప దాన్ని ఎత్తుకుని చూసింది. కళ్లు బాగానే ఉన్నాయి. ఆమెకూ ఎందుకో దిగులు అనిపించలేదు. పొద్దస్తమానం ఆ గాలిలోనే ఉంటోంది కదా మరి.

*

నిమ్మళాన్ని మొదట మేఘవాహిని విమానాల లోపల మాత్రమే పెట్టారు. సాయిలును స్వరూపే బలవంతంగా ఎక్కించింది. వాడు దిగీ దిగగానే ఫోన్ చేశాడు.

"అక్కా, కిటికీలకెల్లి చూసిన."

"ఏం చూసినవ్‌రా?"

"మబ్బులు. మనూర్ల పత్తి ఏరి కుప్పపోసినట్టు ఉన్నయి. ఇన్నేండ్లు కండ్లు మూసుకొనే పోయిన గదనే. ఎంత మంచిగున్నదక్కా పైన."

ఆ రోజు స్వరూప గచ్చు మీద కూర్చుని ఆనందంతో ఏడ్చింది. ఆ ఏడుపు నిజం. ఆమె మనసులో పాపం లేదు. కానీ వరదరాజు మనసులో లెక్క ఉంది.

విమానంలో భయం పోతే వచ్చే లాభం చిన్నది. టికెట్టు కొనేచోట భయం పోతేనే అసలు లాభం. కంపెనీవాళ్లు ఆర్మూరు, జగిత్యాల, సిరిసిల్ల టికెట్ ఏజెంట్ల దుకాణాలన్నింటికీ ఊరికే నిమ్మళం ఏసీలు పెట్టించారు. లోపలికి అడుగుపెట్టిన మనిషి మీద చల్లటి గాలి. అగ్గువ ఏది, పిరం ఏది అని చూడటం, అగ్గువది కొనడం, అంతే. తూకంలో ఒక పళ్లెం తీసేస్తే రెండోది నేలకు దిగుతుంది. ఊరి హోటల్ ముందు విమానాల ముచ్చటే ఆగిపోయింది. చావుబండి అన్న నోళ్లే "ఏం గాదు తియ్యి" అనడం మొదలుపెట్టాయి. మేఘవాహిని సీట్లు నిండాయి. మిగతా కంపెనీలు మరమ్మతులకు పెట్టే ఖర్చును చూపించి ధర ఎక్కువంటే, వినేవాడెవడు?

అనుమతిచ్చిన అధికారులు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: ప్రయాణికులకు దీనివల్ల జబ్బు వస్తుందా? రాదు. సంతకం పెట్టారు. ఒక పూట పీలిస్తే ఒక పూటలో దిగిపోతుంది, రోజూ పీలిస్తే వారాల తరబడి ఒంట్లో నిలిచిపోతుంది అని స్వరూప నివేదికలో ఉంది. ప్రయాణికుడు రోజూ ఎక్కడు కాబట్టి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రోజూ ఎక్కేవాళ్లు వేరే ఉన్నారు.

*

లింబాద్రిని తోటి పనివాళ్లు "రెండోసారి లింబాద్రి" అని పిలిచేవాళ్లు. పని ముగించి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచేవాడు.

"ఎటు?"

"ఆ మూత బిగించిన్నా లేదా అని."

"బిగించే ఉంటవ్. తిని పో."

"మనసుల గీరుకుంటున్నది స్వరూపా. చూసొస్త."

పోయి చూసేవాడు. బిగించే ఉండేది. అయినా చూస్తేనే గానీ నిద్రపట్టేది కాదు. నిద్రలో కూడా "నట్టు, నట్టు" అని కలవరించేవాడు. స్వరూప తల పట్టుకునేది. "నీతోని సంసారం జేసుడు కంటే ఇంజన్‌తోని జేసుడు నయం."

విమానాల షెడ్డుది రేకుల కప్పు. మే నెలలో లోపల నిలబడితే రొట్టె కాలినట్టు కాలిపోతారు. మరమ్మతుకు వచ్చిన విమానం లోపల మాత్రం ఏసీ నడుస్తుంది. అందుకని మెకానిక్కులందరూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని విమానంలోకి ఎక్కి, ప్రయాణికుల సీట్లలో కూర్చుని తినేవాళ్లు. తిన్నాక సీటు వెనక్కి వాల్చి ఓ కునుకు తీసేవాళ్లు. నిమ్మళం డబ్బా ఆ ఏసీలోనే బిగించి ఉంది. ఏసీ నడిస్తే అదీ నడుస్తుంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. మెకానిక్కు విమానంలో అన్నం తింటాడని ఏ కాగితం మీదా లేదు మరి.

కొన్నాళ్లకు లింబాద్రి కంచం ముందునుంచి లేవడం మానేశాడు. అన్నం పూర్తిగా తిన్నాడు. ఇంకోసారి పెట్టించుకున్నాడు. పాట కూడా కూనిరాగం తీశాడు.

"ఏమైంది నీకు? ఇంజను మీద మోజు తీరిందా?"

"చూసినం గదా. మల్ల మల్ల చూసుడేంది? ఏం గాదు."

అలా అని పక్కమీద వాలి చిన్న పిల్లవాడిలా నిద్రపోయాడు. ఇన్నేళ్లకు మొగుడికి నిద్రపట్టిందని స్వరూప సంబరపడింది. దుప్పటి కప్పింది. నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది.

సాయిలు సెలవుకు వచ్చి తిరిగి పోయేముందు, ఆర్మూరు టికెట్ దుకాణం నుంచి నేరుగా అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. బావ మీద జోకులు వేశాడు.

"బావా, రేపు నా బండికి నట్లు బిగించినవా? నాకోసం రెండోసారి చూడు జెర."

"నీ బండి నేనే చూసిన బామ్మర్దీ. ఇంజను కాడ పిన్నుకు సన్నగ పగులున్నది. ఏం గాదు, వచ్చే నెల మారుస్తం."

ముగ్గురూ విన్నారు. పగులన్న మాట ముగ్గురి చెవుల్లోనూ పడింది. సాయిలు ఇంకో ముక్క కూర వేసుకున్నాడు. స్వరూప మజ్జిగ పోసింది. ముగ్గురికీ తెలుసు, ముగ్గురికీ భయం లేదు. తెలిసి లాభం ఏముంది? మనిషిని కంచం ముందు నుంచి లేపేది తెలివి కాదు, గుండెలో గీరుకునే ఆ ముల్లు.

మర్నాడు విమానం లేచిన కాసేపటికే ఇంజను ఊడి పడింది. సముద్రం దాకా కూడా పోలేదు.

*

ఆ తర్వాత స్వరూప ప్రయోగశాలకు పోలేదు. పోలీసులు లింబాద్రిని తీసుకుపోయారు. ఇంట్లో ఒంటరిగా ఉండగా ఓరోజు పొద్దున్నే ఆమె ఒంట్లోంచి నిమ్మళం దిగిపోయింది. కిరసనాయిలు పోసి అంటించినట్టు ఒక్కసారిగా భగ్గుమంది. పగులన్న మాట, మజ్జిగ పోసిన తన చెయ్యి, సీటులో నవ్వుతూ కూర్చున్న తమ్ముడు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. గోడకు తల కొట్టుకుంది. అరిచింది. కాస్త తేరుకున్నాక టిఫిన్ డబ్బా గుర్తొచ్చింది. లింబాద్రి రోజూ అన్నం ఎక్కడ తిన్నాడో గుర్తొచ్చింది.

అధికారుల దగ్గరకు పరుగెత్తింది. వాళ్ల ఆఫీసుకు కూడా కంపెనీ పెట్టించిన ఆ ఏసీయే. చల్లగా విన్నారు, చల్లగా తల ఊపారు. అందుకే సంతాప సభకు తడి తువ్వాలు కట్టుకుని పోయింది. అక్కడా ఫలితం లేదు. మేఘవాహిని విమానాలు అలాగే ఎగురుతున్నాయి. షెడ్డుకు వచ్చినవాటి లోపల మెకానిక్కులు అలాగే నిద్రపోతున్నారు.

సభ ముగిశాక బయట మెట్ల మీద భూలక్ష్మి ఓ మాట చెప్పింది.

"వదినె, నేను గూడ పోతున్న. గల్ఫ్‌ల ఇంటి పని. ఎల్లుండి టికెట్."

"ఏ విమానం?"

"మేఘవాహినే. అగ్గువ గదా."

స్వరూప ఆమె రెక్క పట్టుకుని ఆపింది. "సాయిలు పోయింది దాంట్లనే గదనే."

"తెల్సు," అంది భూలక్ష్మి, బస్సు నంబరు చెప్పినంత తేలిగ్గా. "ఏం గాదు."

స్వరూప ఆమెతో పాటే ఊరికి పోయింది. ఇంట్లో సాయిలు ఫొటో. దాని పక్కనే గోడకు ఓ తెల్లటి డబ్బా, చిన్న పచ్చ దీపంతో గుర్రుమంటోంది. పోయినవాళ్ల ఇళ్లన్నింటికీ కంపెనీ తలా ఒకటి ఇచ్చిందట, ఓదార్పుగా. పిల్ల నేల మీద ఆడుకుంటోంది. నాన్న ఏడీ అని ఒక్కసారి కూడా అడగలేదట.

స్వరూప ప్లగ్గు మీద చెయ్యి వేసి ఆగింది. ఈ ఇంట్లో ఏడుపు లేదు. ఈ తీగ పీకితే ఏడుపు వస్తుంది. పుండు మీద కట్టు విప్పే హక్కు తనకు ఉందా? ఆ కట్టు కట్టింది తానే. విప్పకపోతే ఎల్లుండి ఈ పిల్ల ఆ విమానంలో తల్లిని కూడా పోగొట్టుకుంటుంది.

పీకేసింది. తలుపులు బార్లా తీసింది.

"ఏందే వదినె, ఉక్కపోస్తది," అంది భూలక్ష్మి.

"పోయనీ."

పాస్‌పోర్టు కొంగున కట్టుకుని స్వరూప గడపలో కూర్చుంది. ప్రయాణం రోజు గడిచిపోయింది. భూలక్ష్మి తిట్టింది, నవ్వింది, అలిగింది. స్వరూప కదల్లేదు. వారం దాటాక, బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరుతున్న భూలక్ష్మి చేతులు ఆగిపోయాయి. ఫొటో వైపు చూసింది. అప్పుడే ఎవరో వచ్చి చెప్పినట్టు చూసింది.

"వదినె. ఈయన సచ్చిపోయిండు గదనే."

చేట ఒళ్లోంచి జారింది. ఆమె నేలకు నుదురు కొట్టుకుంది. "పట్టుకున్నడో లేదో వదినె, సీటు పట్టుకున్నడో లేదో. పట్టుకుంటనే నిలవడ్తదనేటోడు. నువ్వే ఇడిపిచ్చినవ్. చేతులిడిపిచ్చింది నువ్వే." ఆ కేకకు పిల్ల బెదిరి ఏడ్చింది. ఆ విమానంలోనే మనుషులను పోగొట్టుకున్న ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల ఇళ్లలోని డబ్బాలు గుర్రుమంటున్నాయి, వాళ్ల ముఖాలు చల్లగా ఉన్నాయి. స్వరూప తప్పు కాదనలేదు. మరదలి చేతులు పట్టుకోబోతే ఆమె విదిలించుకుంది. మళ్లీ తానే వచ్చి మెడ పట్టుకుని వేలాడింది.

జైల్లో లింబాద్రికి కూడా దిగిపోయింది. అక్కడ ఏసీలు లేవు కదా. స్వరూప చూడబోతే జాలీకి అవతల చిక్కి సగమైన మనిషి నిలబడి ఉన్నాడు.

"పగులు కనబడ్తున్నది స్వరూపా. కండ్లు మూస్తే కనబడ్తున్నది. అప్పుడు వెంట్రుకంత ఉండె. ఇప్పుడు గోడంత."

"నీ తప్పు లేదు."

"మిగిలిన బండ్లు ఎవరు చూస్తున్నరు? మావోళ్లు ఇంకా లోపల్నే తింటున్నరా?" ఆకాశంలో విమానం చప్పుడైంది. లింబాద్రి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గోడకు అంటుకుపోయాడు. అది పోయాక మళ్లీ వచ్చి జాలీ పట్టుకున్నాడు. "నాకు బెయిలొద్దు. ముందు గవ్వి ఆపియ్యి. ఆపియ్యి స్వరూపా."

ఆరుబయట కూర్చున్నారు ఆ తర్వాత. విమానాల శాఖ ఆఫీసు గేటు ముందు, ఎండలో. మొదట స్వరూప, భూలక్ష్మి ఇద్దరే. ఊరికి పోయి ఒక్కో ఇంట్లో ఒక్కో తీగ పీకుతూ వచ్చారు. తీగ పీకిన ప్రతి ఇంటినుంచీ ఓ ఏడుపు లేచింది, ఏడుపు వెంట ఓ మనిషి వచ్చి గేటు ముందు కూర్చున్నాడు. గేటు నిండాక అధికారి కిందికి దిగాడు. చొక్కా నలగలేదు. ముఖంలో గీత లేదు.

"కమిటీ వేస్తామమ్మా. కంగారేం లేదు. లోపల చల్లగా కూర్చుని మాట్లాడుకుందాం రండి."

ఎవరూ లేవలేదు. భూలక్ష్మి పిల్లను చంకనెత్తుకుని నిలబడింది. ఆఫీసు తలుపు వైపు వేలు చూపింది.

"మేము లోపటికి రాం. నువ్వే ఈ ఎండల నిలవడు సారూ, నీకు దిగిందాక నిలవడు. దిగినంక నువ్వే ఉరుకుతవ్. ఇప్పుడు ఎగిరేటివి ఇయ్యాల్నే దించున్రి. ఆ డబ్బాలు పీకిపియ్యిన్రి, విమానాలల్ల, షెడ్లల్ల, టికెట్ దుకాన్లల్ల, మా ఇండ్లల్ల. మా లింబాద్రన్నను ఇడ్సిపెట్టి, నట్లు సూసేటోళ్ల గుండెల్ల దడ పుట్టినంకనే బండి లేపున్రి. టికెట్ పిరమైతే అప్పు జేసి కొనుక్కుంటం, లేదంటే ఊర్లనే కూలి జేస్కుంటం. మా భయం మాకియ్యున్రి."